డెత్ నోట్ తర్వాత ఏం చూడాలి? సైకలాజికల్ అనిమేల్లో నేను చెప్పేవి

మీరు అడిగింది ఇది: డెత్ నోట్ రెండుసార్లు చూశారు, అలాంటి సైకలాజికల్ అనిమే, అంటే మనసు చుట్టూ తిరిగే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, ఇంకా కావాలి. ఎవరో చెప్పారని ఇవాంజెలియన్ మొదలుపెట్టి నాలుగో ఎపిసోడ్ దగ్గర ఆపేశారు. లేన్ అయితే రెండో ఎపిసోడ్ కూడా దాటలేదు. "లోపం నాలోనే ఉందా?" అంటున్నారు. సబ్‌టైటిల్స్‌తో చూడాలా, డబ్బింగ్‌తో చూడాలా అని కూడా అడిగారు.

లోపం మీలో లేదు. మీకు నచ్చింది ఒక రకం, మీకు చూడమని చెప్పినవి ఇంకో రకం. రెండింటి మీదా సైకలాజికల్ అనే ఒకే లేబుల్ ఉంటుంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

డెత్ నోట్ 37 ఎపిసోడ్లలో ఎక్కువ భాగం ఎత్తులు, పైఎత్తులు. నోట్‌బుక్‌లో పేరు రాసి మనుషుల్ని చంపే లైట్ ఏం ఆలోచిస్తున్నాడో అతనే మనకి చెప్పేస్తుంటాడు. అతన్ని పట్టుకోవాలని చూసే డిటెక్టివ్ ఎల్ కూడా అంతే. మనం ఆ ఇద్దరి బుర్రల మధ్య కూర్చుని ఆట చూస్తాం. చాలా బాగుంటుంది, కాదనను. కానీ ఒక మామూలు విద్యార్థి హంతకుడిగా మారడమన్నది మొదటి ఎపిసోడ్‌లోనే దాదాపు అయిపోతుంది. నోట్‌బుక్ దొరికిన అయిదు రోజులకి దాన్ని పడేసిన మృత్యుదేవత ర్యూక్ వచ్చి చూసేసరికి పేజీలకి పేజీలు పేర్లతో నిండిపోయి ఉంటాయి. ఆ అయిదు రోజుల్లో లైట్ మనసులో ఏం జరిగిందో కథ పెద్దగా పట్టించుకోదు. తర్వాతంతా దొరుకుతాడా, దొరకడా అన్నదే.

మధ్యలో ఒక్క చోట మాత్రం ఈ సిరీస్ నిజంగా మనసు లోపలికి దిగుతుంది. లైట్ నోట్‌బుక్ హక్కు వదులుకుని, దాంతోపాటు జ్ఞాపకాలు కూడా పోగొట్టుకుని, ఎల్ పక్కనే కూర్చుని నిజాయితీగా కేసు పరిశోధిస్తాడు చూడండి, ఆ భాగం. అక్కడున్న లైట్ మంచివాడు. అయితే అతన్ని చెడగొట్టింది నోట్‌బుక్కా, లేక అది బయటపెట్టిన ఇంకేదైనానా? మళ్ళీ దాన్ని ముట్టుకున్న క్షణంలో అతని ముఖం గుర్తు తెచ్చుకోండి.

రెండోసారి చూసినప్పుడు మీకు ఏం నచ్చిందో ఆలోచించండి. ట్విస్టులన్నీ అప్పటికే తెలుసు కదా. తెలిసినా ఆ ఉచ్చులు ఎలా బిగుస్తాయో చూడటమే బాగుందంటే మీకు కావాల్సినవి మైండ్ గేమ్స్. ఆ జ్ఞాపకాల భాగం లాంటివి మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే మీకు కావాల్సింది వేరే. ఎవరికి ఏ సిరీస్ చెప్పాలన్నా నేను చూసేది ఒక్కటే: ముగింపు ముందే తెలిసిపోయినా అది నిలబడుతుందా, లేదా. ట్విస్టు కోసమే కట్టిన కథలు రెండోసారికి డొల్లగా మిగులుతాయి. మనిషి కోసం కట్టినవి రెండోసారే బాగుంటాయి.

మైండ్ గేమ్స్ అయితే ఆలోచించక్కర్లేదు, కైజీ చూడండి. నోబుయుకి ఫుకుమోతో గీసిన మాంగా, అంటే జపనీస్ కామిక్, ఆధారంగా మ్యాడ్‌హౌస్ స్టూడియో 2007లో తీసింది, 26 ఎపిసోడ్లు. 2011లో ఇంకో 26 వచ్చాయి. కైజీ పనీపాటా లేని కుర్రాడు. తనతో పనిచేసిన ఒకడి అప్పుకి హామీ సంతకం పెట్టి ఇరుక్కుంటాడు. అప్పు మాఫీ కావాలంటే ఒక ఓడ ఎక్కి జూదం ఆడాలి. ఆట ఏంటంటే రాయి, కాగితం, కత్తెర. చిన్నపిల్లలు ఆడుకునేదే, కాకపోతే ఇక్కడ ఒక్కొక్కరికి 12 కార్డులు, మూడు నక్షత్రాలు ఇస్తారు. కార్డులు అయిపోయేసరికి మూడు నక్షత్రాలు చేతిలో లేనివాడి పని అంతే. ఇంత చిన్న నియమం నుంచి నమ్మకద్రోహం, గుంపు భయం, ఆశ ఎలా పుట్టుకొస్తాయో చూస్తుంటే మనకి చెమటలు పడతాయి. బొమ్మలు వింతగా ఉంటాయి, ముక్కులు గడ్డాలు కోసుగా పొడుచుకొచ్చి. రెండు ఎపిసోడ్లకి అలవాటైపోతుంది. లైట్‌కీ కైజీకీ ఉన్న పెద్ద తేడా నాకు భలే నచ్చుతుంది: కైజీ మేధావి కాదు. పీకల మీదికి వస్తే తప్ప అతని బుర్ర పనిచేయదు. గండం గట్టెక్కగానే మళ్ళీ పాత బద్ధకం. గెలిచినంత మాత్రాన మనిషి మారడు అన్న విషయం ఈ జూదం కథ చెప్పినంత కటువుగా చాలా "సీరియస్" అనిమేలు చెప్పవు.

రెండో రకం కావాలంటే మాత్రం నా జవాబు ఎప్పుడూ మాన్‌స్టర్.

నావోకి ఉరసావా మాంగా ఇది. మసాయుకి కొజిమా దర్శకత్వంలో మ్యాడ్‌హౌసే 2004, 2005లో 74 ఎపిసోడ్లుగా తీసింది. డెత్ నోట్ తీసిన స్టూడియో కూడా అదే. కథ మొదలయ్యేది 1986లో, పశ్చిమ జర్మనీలోని డ్యూసెల్డోర్ఫ్ నగరంలో. కెంజో టెన్మా అక్కడ పేరున్న జపనీస్ న్యూరోసర్జన్. ఆసుపత్రి డైరెక్టర్‌కి కుడిభుజం, డైరెక్టర్ కూతురితో పెళ్ళి కూడా ఖాయమైంది. ఒక రోజు ముందుగా వచ్చిన టర్కిష్ కార్మికుడిని పక్కనపెట్టి, పైవాళ్ళు చెప్పారని ఒక ఒపేరా గాయకుడికి ఆపరేషన్ చేస్తాడు. కార్మికుడు చనిపోతాడు. అతని భార్య వచ్చి నిలదీస్తుంది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే పరిస్థితి: తలలో తూటాతో ఒక పిల్లవాడు ముందు వచ్చాడు, తర్వాత నగర మేయర్‌ని తీసుకొచ్చారు, మేయర్‌కి చేయమని ఆదేశం. ఈసారి టెన్మా పిల్లవాడికే చేస్తాడు. పిల్లవాడు బతుకుతాడు.

ఆ పిల్లవాడే జోహాన్. తొమ్మిదేళ్ళ తర్వాత అతను హంతకుడై టెన్మా ముందుకి వస్తాడు. ఇది చెబితే ట్విస్టు చెప్పేసినట్టు కాదు, మొదటి నాలుగైదు ఎపిసోడ్లలోనే సిరీస్ మనకి ఇదంతా ఇచ్చేస్తుంది. అందుకే నాకు దీని మీద అంత నమ్మకం. హంతకుడెవరన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అందరి ప్రాణాలూ సమానమే అనుకున్న డాక్టర్ ఇప్పుడు తుపాకీ పట్టుకుని ఒక ప్రాణం తీయడానికి బయలుదేరాడు. అతను తీస్తాడా? తీస్తే మొదట అనుకున్న మాట ఏమవుతుంది? 74 ఎపిసోడ్లు ఈ ఒక్క ప్రశ్న మీద నడుస్తాయి.

జోహాన్ తెర మీద కనిపించేది చాలా తక్కువ. అతను కలిసి వెళ్ళిపోయిన మనుషులే ఎక్కువ కనిపిస్తారు. చాలా సార్లు అతను స్వయంగా చంపడు కూడా. ఎదుటివాడితో కాసేపు మాట్లాడతాడు, వాడు తన గురించి తాను దాచుకున్నది ఏదో గుర్తుచేస్తాడు, వెళ్ళిపోతాడు. మిగతాది ఆ మనిషే చేసుకుంటాడు. లైట్ పేరు రాసి చంపుతాడు, ఇతను మాటతో. పోల్చి చూడండి, ఏది ఎక్కువ భయం వేస్తుందో.

ఇందులో చిన్న పాత్రల కోసమే నేను మళ్ళీ మళ్ళీ చూస్తాను. ఇన్స్పెక్టర్ లుంగే ఉన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళు గాలిలో టైప్ చేస్తున్నట్టు ఆడిస్తుంటాడు, విన్నదంతా అలా తలలో దాచుకుంటాడు. జోహాన్ అనేవాడే లేడని, హత్యలన్నీ టెన్మా లోపలి ఇంకో మనిషి చేస్తున్నాడని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కోసం ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నా వదలడు. తెలివైనవాడు తన తెలివికే బందీ అయిపోవడం అంటే అతనే. సగం దాటాక గ్రిమ్మర్ వస్తాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. తూర్పు బెర్లిన్‌లో కిండర్‌హైమ్ 511 అనే అనాథాశ్రమంలో పిల్లల మీద జరిగిన ప్రయోగాల నుంచి బయటపడ్డవాడు. ఆ నవ్వు అతను నేర్చుకున్నది. ఏ సందర్భంలో ఏ ముఖం పెట్టాలో పాఠంలా నేర్చుకున్న మనిషి. అతని చివరి ఎపిసోడ్ గురించి ఇంకేం చెప్పను.

దీనికో లోపం ఉంది. మధ్యలో నెమ్మదిస్తుంది. టెన్మా ఒక ఊరికి వెళ్ళడం, అక్కడ ఎవరికో వైద్యం చేయడం, మళ్ళీ ప్రయాణం, ఇలా కొన్ని ఎపిసోడ్లు అసలు కథకి దూరంగా నడుస్తాయి. వాటిని దాటేయకండి. జోహాన్ మనుషుల్లో ఏం లేదంటున్నాడో, అది ఉందని చూపించేవి ఆ ఎపిసోడ్లే.

74 అంటే భయమేస్తే, 13 ఎపిసోడ్ల పారనోయా ఏజెంట్ ఉంది. 2004లో వచ్చింది. సతోషి కోన్ తీసిన ఏకైక టీవీ సిరీస్. ఆయన 2010లో, 46 ఏళ్ళకే చనిపోయారు. సినిమాల్లో వాడకుండా మిగిలిపోయిన ఆలోచనలతో దీన్ని కట్టారు, అందుకే కాబోలు ఒక ఎపిసోడ్‌కీ ఇంకోదానికీ పోలికే ఉండదు.

త్సుకికో సాగి అనే అమ్మాయి మరోమి అనే గులాబీ రంగు కుక్కపిల్ల బొమ్మని సృష్టించింది. దేశమంతా దాని వెర్రిలో ఉంది. ఇప్పుడు ఆఫీసులో అంతటి హిట్ ఇంకోటి కావాలంటున్నారు, ఆమెకి ఏమీ తట్టడం లేదు. ఆ టెన్షన్‌లో ఒక రాత్రి ఇంటికి పోతుంటే బంగారు రంగు స్కేట్లు వేసుకున్న కుర్రాడెవడో వంకర తిరిగిన బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి పారిపోతాడు. వాడికి షోనెన్ బ్యాట్ అని పేరు పడుతుంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. దెబ్బ తిన్నవాళ్ళందరిలో ఒకటే పోలిక: ఆ క్షణానికి వాళ్ళకి ఏ దారీ లేదు. దెబ్బ పడ్డాక వాళ్ళ ముఖాల్లో కనిపించేది బాధ కాదు, ఊరట. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడిని ఎవరూ ఏమీ అడగరు కదా!

రెండో ఎపిసోడ్‌లో ఒక బడి పిల్లాడుంటాడు. అందరికీ హీరో. వాడి దగ్గర అలాంటి స్కేట్లే ఉన్నాయని అనుమానం మొదలవుతుంది. తనని మెచ్చుకున్న కళ్ళన్నీ పక్కకి తిరిగిపోతుంటే వాడి లోపల ఏమవుతుందన్నది పూర్తిగా వాడి కంటితోనే చూపిస్తారు. మూడోది ఒకే శరీరంలో రెండు జీవితాలు నడిపే ట్యూషన్ టీచర్ కథ. ఆమెలోని ఇద్దరూ ఫోన్ ఆన్సరింగ్ మెషీన్‌లో ఒకరికొకరు మెసేజ్‌లు పెట్టుకుంటారు. పదో ఎపిసోడ్ ఒక అనిమే స్టూడియోలో పని ఒత్తిడి మీద, తమ వృత్తి మీద తామే వేసుకున్న చురక. తొమ్మిదోది ఆడవాళ్ళు కబుర్లలో కల్పించి చెప్పుకునే కథల ఎపిసోడ్, నా దృష్టిలో బలహీనమైనది, అయినా పుకారు ఎలా పెరుగుతుందో చూపించడానికి కావాల్సిందే. ఎనిమిదో ఎపిసోడ్ గురించి ముందే హెచ్చరించాలి. చనిపోవాలని ఇంటర్నెట్‌లో పరిచయమైన ముగ్గురు కలుసుకుంటారు: ఒక ముసలాయన, ఒక యువకుడు, ఒక చిన్నపాప. దాన్ని హాస్యంగా తీశారు. నవ్వొస్తుంది, నవ్వినందుకు మనమీద మనకే అనుమానం వస్తుంది. మనసు బాగోలేని రోజున అది చూడకండి.

ఇది నచ్చితే కోన్ మొదటి సినిమా పర్ఫెక్ట్ బ్లూ కూడా చూడండి, 1997లో వచ్చింది, గంటన్నర కూడా లేదు. పాటల బృందం వదిలేసి నటి కావాలనుకున్న మీమా అనే అమ్మాయి, తన పేరుతో ఎవరో ఇంటర్నెట్‌లో రాస్తున్న డైరీ చదువుతుంది. తను ఆ రోజు చేసినవన్నీ అందులో ఉంటాయి. అత్యాచార సన్నివేశం చిత్రీకరణ, హింస ఉన్నాయి, తెలిసే చూడండి.

ఇప్పుడు అందరూ తక్కువగా మాట్లాడుకునేది ఒకటి చెబుతాను. మోనోనోకే. ఇదే పేరు కలిసిన పెద్ద సినిమా వేరే ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది కెంజీ నకమురా దర్శకత్వంలో తోయే స్టూడియో 2007లో తీసిన 12 ఎపిసోడ్ల సిరీస్, మొత్తం అయిదు కథలు. పాత జపాన్‌లో తిరిగే ఒక మందులమ్మేవాడు దుష్టశక్తుల్ని కత్తితో నరుకుతాడు. కానీ ఆ కత్తి ఒరలోంచి ఊరికే రాదు. ఎదురుగా ఉన్నదాని రూపం ఏమిటి, అసలు జరిగిన నిజం ఏమిటి, దాని వెనకున్న మనసులో కారణం ఏమిటి, ఈ మూడూ తెలియాలి. కాబట్టి దయ్యం కథ కాస్తా విచారణ అయిపోతుంది. గదిలో ఉన్న ప్రతివాడూ అబద్ధం చెబుతాడు, ఒక్కొక్కరి నుంచి నిజం రాబట్టాలి. నొప్పెరబో అనే మూడో కథ, రెండే ఎపిసోడ్లు, అత్తింటివారందర్నీ చంపానని ఒప్పుకుని శిక్ష కోసం ఎదురుచూస్తున్న ఒచో అనే కోడలిది. ఆమె నిజంగా ఎవరిని చంపిందన్న ప్రశ్నకి వచ్చే జవాబు లాంటిది నేను ఏ సైకలాజికల్ థ్రిల్లర్‌లోనూ చూడలేదు. బొమ్మలు రంగురంగుల పాత చెక్కముద్రల్లా ఉంటాయి, మొదట కళ్ళు చెదురుతాయి. మొదటి కథ నచ్చకపోయినా మూడోదాకా ఓపిక పట్టండి.

వెల్‌కమ్ టు ద ఎన్‌హెచ్‌కే. 2006, గోంజో స్టూడియో, 24 ఎపిసోడ్లు, తత్సుహికో తకిమోతో నవల ఆధారం. సతో 22 ఏళ్ళవాడు, చదువు ఆపేసి నాలుగేళ్ళుగా గదిలోంచి బయటికి రాడు. తన ఈ గతికి ఒక పెద్ద కుట్ర కారణమని నమ్ముతాడు. జపాన్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ పేరునే ఆ కుట్రకి తగిలించుకున్నాడు. మిసాకి అనే అమ్మాయి ఎక్కడినుంచో వచ్చి, నిన్ను బాగుచేస్తా, ఒప్పందం మీద సంతకం పెట్టు అంటుంది. మొదట్లో ఇది కామెడీ. ఆన్‌లైన్ గేమ్ పిచ్చి, గొలుసుకట్టు వ్యాపారంలో ఇరుక్కోవడం, పక్కగది మిత్రుడితో కలిసి వీడియో గేమ్ తయారుచేస్తానని ప్రగల్భాలు. నవ్వుతూనే చూస్తాం. మెల్లగా ఇంకో ప్రశ్న తలెత్తుతుంది: ఈ అమ్మాయికి ఇతన్ని బాగుచేయాల్సిన అవసరమేంటి? తనకంటే దిగువన ఒక మనిషి ఉండాలన్న అవసరం కూడా ప్రేమలాగే కనిపించగలదని ఈ సిరీస్‌కి తెలుసు. ఇంకో గొప్ప విషయం, సతో చివరికి పనికి వెళ్ళడానికి కారణం ఏ జ్ఞానోదయమూ కాదు. ఆకలి. ఇంటినుంచి డబ్బు ఆగిపోయింది, తిండి లేదు, అందుకని వెళ్ళాడు. కౌన్సెలింగ్ మీద ఇన్ని ఎపిసోడ్లు నడిపి అక్కడికి తేవడానికి ధైర్యం కావాలి. కొన్ని ఎపిసోడ్లలో బొమ్మల నాణ్యత మరీ అధ్వానంగా ఉంటుంది, సర్దుకోండి.

దీని పక్కనే పెట్టి చూడాల్సింది మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్. చికా ఉమినో మాంగా, షాఫ్ట్ స్టూడియో, 2016 నుంచి 2018 వరకు రెండు సీజన్లు, ఒక్కొక్కటి 22. రే అనే 17 ఏళ్ళ కుర్రాడు షోగి, అంటే జపాన్ చదరంగం, వృత్తిగా ఆడతాడు. షోగి నియమాలు మీకు తెలియక్కర్లేదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు, చెల్లి ప్రమాదంలో పోయారు. తండ్రి స్నేహితుడు వచ్చి "నీకు షోగి ఇష్టమా?" అని అడిగితే ఇష్టమని అబద్ధం చెప్పాడు, బతకడానికి. ఆ ఇంట్లో చేరి, ఆటలో ఆయన సొంత పిల్లల్ని దాటేసి, వాళ్ళ చోటు లాగేసుకున్నానన్న అపరాధ భావనతో ఒంటరిగా వచ్చేశాడు. అతని దిగులు వచ్చినప్పుడల్లా తెర మీద నీళ్ళు పొంగుతాయి, అతను మునుగుతుంటాడు. రెండో సీజన్‌లో హినా అనే అమ్మాయి బడిలో వేధింపులకి గురైన స్నేహితురాలి పక్షాన నిలబడి తానే లక్ష్యమవుతుంది. టీచర్ ఏమీ పట్టనట్టు ఉంటుంది. ఈ భాగంలో ఎవరూ ఉపన్యాసం ఇచ్చి సమస్య తీర్చరు. హినా పొట్టనొప్పితో, ఏడుపుతో రోజూ బడికి వెళుతుంది. ఇందులో ఒక్క హత్య లేదు, రక్తం లేదు. సైకలాజికల్ అని పేరుపెట్టుకున్న సగం సిరీస్‌ల కంటే ఇది మనసు గురించి ఎక్కువ చెబుతుంది. మీరిప్పుడు ఏదైనా కష్టంలో ఉండి ఉంటే పైవన్నీ పక్కనపెట్టి ముందు దీన్నే చూడమంటాను.

మీరు ఆపేసినవాటి సంగతికి వద్దాం.

ఇవాంజెలియన్ 1995 అక్టోబర్ నుంచి 1996 మార్చి వరకు ప్రసారమైంది, 26 ఎపిసోడ్లు. దర్శకుడు హిదేయాకి అన్నో దీనికి ముందు నాలుగేళ్ళు ఏమీ చేయలేని స్థితిలో ఉండిపోయానని తానే రాసుకున్నారు. ఆ మనిషి తీసిన రోబో కథ ఇది. మీరు ఆపిన నాలుగో ఎపిసోడ్‌లో జరిగేదేంటి? రోబో నడిపే కుర్రాడు షింజీ పారిపోతాడు, ఊరంతా ఊరికే తిరుగుతాడు, చివరికి రైల్వే ప్లాట్‌ఫామ్ మీద అతనూ, అతన్ని తన ఇంట్లో ఉంచుకున్న మిసాతో అనే ఆవిడా ఒకరినొకరు చూసుకుంటూ చాలాసేపు మాట లేకుండా నిలబడతారు. యుద్ధం లేదు. రోబో కథ కోసం వచ్చినవాళ్ళకి అది అడ్డం. అసలు కథ మాత్రం అక్కడే ఉంది: దగ్గరికి వస్తే గుచ్చుకుంటుందేమోనని దూరంగా ఉండిపోయే మనుషులు వీళ్ళందరూ. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు రాక్షసుల పుట్టుపూర్వోత్తరాలు, రహస్య గ్రంథాలు, మత చిహ్నాలు అన్నీ వదిలేయండి. వాటి మీద వివరణ వీడియోలు అసలు చూడకండి. ఎవరు ఎవరి మెప్పు కోసం పాకులాడుతున్నారు, దొరక్కపోతే ఏం చేస్తున్నారు, అంతవరకు చూస్తే చాలు. 16వ ఎపిసోడ్ నుంచి దాని ఊపు మీకే తెలుస్తుంది. చివరి రెండు ఎపిసోడ్లు బయటి కథని వదిలేసి పూర్తిగా తలలోకి వెళ్ళిపోతాయి. అవి చూశాకే 1997 నాటి ద ఎండ్ ఆఫ్ ఇవాంజెలియన్ సినిమా చూడండి. 2007 నుంచి 2021 దాకా వచ్చిన నాలుగు కొత్త సినిమాలు దీనికి బదులు కాదు, దీని తర్వాత.

లేన్ 1998లో వచ్చింది, 13 ఎపిసోడ్లు, దర్శకుడు ర్యుతారో నకమురా, రచన చియాకి కొనాకా. ఒక విద్యార్థిని మేడ మీంచి దూకి చనిపోతుంది. తర్వాత ఆమె దగ్గరినుంచి తోటివాళ్ళకి ఈమెయిల్స్ వస్తాయి, శరీరాన్ని మాత్రమే వదిలేశానని. లేన్ అనే నెమ్మదస్తురాలైన అమ్మాయి ఆ మెయిల్ చదివి నాన్నని కంప్యూటర్ అడుగుతుంది. మీరు రెండో ఎపిసోడ్‌లో ఆగిపోవడం చాలామందికి జరిగేదే. కరెంటు తీగల గుయ్యిమనే శబ్దం, తెల్లగా మండిపోతున్న వీధులు, నీడల్లో ఎర్రటి మచ్చలు, వీటి మధ్య ఎవరూ దేన్నీ వివరించరు. దీన్ని పజిల్‌లా విప్పబోతే విసుగొస్తుంది. అరిసు అనే స్నేహితురాలి మీద దృష్టి పెట్టండి. ఇంట్లో మాటైనా మాట్లాడని లేన్ ఒకతి, నెట్‌వర్క్‌లో అందరికీ తెలిసిన పొగరుబోతు లేన్ ఇంకొకతి. ఆ రెండో లేన్ అరిసు రహస్యాన్ని అందరికీ చాటిందన్న పుకారు పుడుతుంది. నేను కాదని లేన్ ఎలా నిరూపించుకోవాలి? సోషల్ మీడియా అన్నది లేని రోజుల్లో ఇది రాశారు. ఇప్పటి ప్రేక్షకుడికి ఇందులో వింతేమీ కనిపించదు, అదే భయం. తొమ్మిదో ఎపిసోడ్ సగం డాక్యుమెంటరీ, రోజ్‌వెల్ నుంచి వనెవర్ బుష్ దాకా ఏవేవో వస్తాయి. గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోజుకి ఒకటి చూడండి, వరసపెట్టి చూడకండి. రెండింటికీ ఇప్పుడు తొందరేం లేదు, మాన్‌స్టరో పారనోయా ఏజెంటో అయ్యాక చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. స్టైన్స్ గేట్, 2011, 24 ఎపిసోడ్లు. మొదటి సగం నత్తనడక, పిచ్చి శాస్త్రవేత్తలా వేషాలేసే ఒకాబే మీద చిరాకొస్తుంది. 12వ ఎపిసోడ్ దాకా ఆగండి. మొదట్లో మనకి చిరాకు తెప్పించిన ఆ వేషమే తర్వాత అతను దేనికి వాడుకుంటాడో చూస్తే, ఆ మొదటి సగం మీద అభిప్రాయం మారిపోతుంది. సైకో పాస్, 2012, 22 ఎపిసోడ్లు: మనిషి మానసిక స్థితిని యంత్రం కొలిచి, నేరం చేయకముందే పట్టుకునే లోకం. మొదటి సీజన్ చాలు, రెండోదానికి రచయిత మారారు, ఆ పట్టు లేదు. డెత్ పరేడ్, 2015, 12 ఎపిసోడ్లు: చనిపోయిన ఇద్దరిని ఒక బార్‌లో ఆటలాడించి తీర్పు చెప్పేవాడి కథ. మొదటి రెండు ఎపిసోడ్లు తప్పకుండా కలిపి చూడండి, మొదటిదానిలో మీరు ఇచ్చుకున్న తీర్పు రెండోదానిలో తారుమారవుతుంది. మడోకా మాజికా, 2011, 12 ఎపిసోడ్లు. బొమ్మలు చూసి పసిపిల్లలదనుకుంటారు. మూడో ఎపిసోడ్ అయ్యాక ఆ మాట అనరు.

హిగురాషి గురించి కొంచెం సందేహంగానే చెబుతున్నా. 2006 నాటి మొదటి సీజన్ ఎక్కువగా ప్రశ్నలు, 2007 నాటి రెండో సీజన్ మిగిలిన జవాబులు. మొదటి కథలో అనుమానం ఒక మనిషిని ఎలా తినేస్తుందో అద్భుతంగా ఉంటుంది. స్నేహితులందరూ తనని చంపడానికే చూస్తున్నారని నమ్మినవాడి కంటితోనే మనమూ చూస్తాం. కానీ రక్తపాతం ఎక్కువ, నాసిరకం హాస్యం కూడా ఉంది.

చాలా జాబితాల్లో ఉంటాయి కాబట్టి ఇవి కూడా: ఎల్ఫెన్ లీడ్, ఫ్యూచర్ డైరీ నేను ఎవరికీ చెప్పను. చేతులు తెగిపడితేనో, ప్రేమించిన అమ్మాయి గొడ్డలి పట్టుకుంటేనో అది మనసు గురించిన కథ అయిపోదు. ఫ్యూచర్ డైరీ సరదాగా పరిగెడుతుంది, అంతవరకే. వండర్ ఎగ్ ప్రయారిటీ, 2021, మొదట్లో నన్ను కట్టిపడేసింది. ఆ సున్నితమైన విషయాలని అంత అందంగా మొదలుపెట్టి, చివర్లో, విడిగా వచ్చిన ప్రత్యేక ఎపిసోడ్‌తో సహా, గాలికొదిలేశారు. ముగింపు లేకపోయినా పర్లేదనుకుంటే చూడండి.

ఇక సబ్‌టైటిల్సా, డబ్బింగా అన్నది. నేను జపనీస్ ఆడియోకే ఓటు వేస్తాను, ముఖ్యంగా ఇవాంజెలియన్‌కి. షింజీకి గొంతిచ్చిన మెగుమి ఒగాతా అరుపులు, ఊపిరి కూడా నటనలో భాగమే. మాన్‌స్టర్ జర్మనీలో జరిగే కథ, కథ ప్రకారం పాత్రలు మాట్లాడుకునేది ఎలాగూ జపనీస్ కాదు, కాబట్టి ఇంగ్లీష్ డబ్బింగ్‌తో చూసినా వింతగా అనిపించదు. స్టైన్స్ గేట్‌కీ ఇంగ్లీష్ డబ్బింగ్ బాగా కుదిరింది. మోనోనోకేకి మాత్రం సబ్‌టైటిల్స్‌తో తిప్పలే. తెర నిండా బొమ్మలు, కింద పాతకాలపు మాటలు, రెండూ ఒకేసారి చూడలేం. మధ్యమధ్యలో ఆపుకుంటూ చూడండి. పారనోయా ఏజెంట్‌కి ఏ భాషైనా సరే, టైటిల్ పాట మాత్రం దాటేయకండి. ఎక్కడ నిలబడి ఆ మనుషులంతా అలా పగలబడి నవ్వుతున్నారో వాళ్ళ వెనక చూడండి.